తలుపు లేని గది

పాత ప్యాంటు నడుము కుట్లు విప్పుతూ ఆమె మళ్ళీ గోడ గడియారం వైపు చూసింది. బ్లేడు మొనతో కుట్టు ఎత్తి పట్టి, ఒక్కొక్క పోగే తెంచుతోంది. పొద్దుటి నుంచీ పళ్ళు బిగించి కూర్చోవడంతో దవడలు లాగేస్తున్నాయి. కౌంటర్ దగ్గర అన్నయ్య ఎవరితోనో గొప్పలు పోతున్నాడు.

"మా చిట్టి చేతిలో పడితే కుట్టు ఎక్కడుందో మీరే కనిపెట్టలేరు."

ఆమెకి యాభై దాటాయి. జుట్టు సగం నెరిసింది, దగ్గర చూపు పోయింది. ఇంకా చిట్టే.

పొడవు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం, ఇదీ దుకాణంలో పని. నాన్న పోయాక అన్నయ్య కౌంటర్లో కూర్చున్నాడు, ఆమె మిషన్ ముందు కూర్చుంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. లేవమనీ ఎవరూ అనలేదు.

పోయిన వారం ఒక కస్టమర్ కొత్త కోటు ఇచ్చి వెళ్ళాడు, చేతులు కాస్త పొట్టి చెయ్యమని. ఆమె కత్తెర తీసుకుని దాన్ని వీపు మధ్య నిలువునా కోసేసింది. అన్నయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "చెయ్యి జారింది" అంది. చెయ్యి జారితే అంత తిన్నగా తెగదని ఇద్దరికీ తెలుసు. ఆ మర్నాడు బీపీ చూసిన డాక్టరమ్మ మాత్రలు రాసి, "మీరు ఎవరితోనైనా మాట్లాడాలమ్మా" అంటూ ఒక థెరపిస్టు నంబరు ఇచ్చింది. ఫోన్లోనే, వీడియోలో మాట్లాడొచ్చట.

'ఎవరికీ వినబడని చోట ఒంటరిగా కూర్చోండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి' అని ఆ థెరపిస్టు ముందే మెసేజ్ పెట్టింది. అది చదివితేనే ఆమెకి ఒళ్ళు మండింది. ఎక్కడ కూర్చోవాలి? ఇంట్లో ఆమె మంచం వదిన వాళ్ళమ్మ గదిలో ఉంది. స్నానాల గదిలో నాలుగు చెంబులు ఎక్కువ పోసుకుంటే ఎవరో ఒకరు తలుపు బాదుతారు. చివరికి దుకాణంలో బట్టలు వేసుకు చూసుకునే ట్రయల్ రూమ్ మిగిలింది. దానికీ తలుపు లేదు, పరదానే.

మధ్యాహ్నం జనం పలచబడగానే స్టూలు తీసుకుని అందులోకి వెళ్ళి, ఫోను అద్దానికి ఆనించింది. ఎదురుగా ఆవిడ మొహం, వెనకాల తన మొహం.

"నమస్కారమండీ. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

ఆమె తడబడింది. ఇంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. తన పేరు పూర్తిగా చెప్పింది. నోటికి అది ఎవరిదో పేరులా తగిలింది.

ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే తప్ప బయటికి పోదు. ఇవాళే అంతా చెప్పేయక్కర్లేదు. నేను మీకు నప్పకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, వేరేవాళ్ళను చూసుకోవచ్చు.

"ఏం చెయ్యాలో మీరు చెప్తారా?"

"చెప్పనండీ. మీరే తేల్చుకోవాలి. నేను పక్కన ఉంటాను."

"మరింకెందుకూ!" అంది ఆమె. ఆవిడ నొచ్చుకోలేదు. చిన్నగా నవ్వింది. నవ్వుతూండగానే బొమ్మ ఆగిపోయింది.

ఆమె తెర మీద వేలితో కొట్టింది. ఆవిడ కదల్లేదు, కళ్ళు సగం మూసి, నోరు కాస్త తెరిచి అలాగే ఉంది. పోనీ, వినబడకపోవడమే మేలనుకుంది. ఆ కదలని మొహాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

"మా షాపుకి లైనింగ్ బట్ట తెచ్చి వేసే ఆయన ఒకాయన ఉండేవాడు. కబుర్లు చెప్పేవాడు, నవ్వించేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. నా మొహం నచ్చలేదేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. పోయిన వారం మా వదిన పక్కింటావిడతో చెప్పి నవ్వుతోంది, ఆయనొచ్చి నన్నిచ్చి పెళ్ళి చేస్తారా అని అడిగాడట! మా అన్నయ్య లేదు పొమ్మన్నాడట! నాకొక్క ముక్క చెప్పలేదండీ. కుక్కపిల్లని ఇమ్మని అడిగినా ఇంట్లో నలుగురికీ చెప్తారు కదా! ఆ కోపంతోనే కస్టమర్ కోటు నిలువునా కోసేశాను!"

గొంతు పెరిగిపోయింది. ఆమె తొడ మీద పిడికిలితో గుద్దుకుంటోంది.

ఇయర్‌ఫోన్లో ఆవిడ గొంతు వినబడింది. "నాకు వినబడిందండీ. బొమ్మ ఒక్కటే ఆగింది."

ఆమె ఉలిక్కిపడింది. ఆవిడ అడిగింది. "కోటు కోసినప్పుడు ఎలా అనిపించింది?"

"హాయిగా," అంది ఆమె. అని, తనే భయపడింది.

పరదా సర్రున పక్కకి జరిగింది. అన్నయ్య. ఆమె మాటలన్నీ విన్నాడని అతని మొహమే చెబుతోంది.

"ఎవరే అది? ఇంటి గుట్టు ఊళ్ళోవాళ్ళకి చెప్తున్నావా? మన పరువేం కాను?"

"పరువు నీదీ, నడ్డి విరిగేది నాదీనా?" ఆమె లేచి నిలబడింది. "ఆయన వచ్చాడా, లేదా?"

"వచ్చాడు. అయితే?"

"నాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య నిజంగానే విస్తుపోయాడు. "నువ్వు వెళ్ళిపోతే షాపు ఏమయ్యేదే, చిట్టీ?"

ఆమె ఫోను వైపు వంగి, "వచ్చే వారం ఎక్కడ కూర్చుంటానో తెలీదండీ. ఫోను మాత్రం ఎత్తుతాను," అంది.

"ఇప్పుడు మీరు బాగానే ఉన్నారా?"

"లేనండీ. కోపంగా ఉన్నాను," అని చెప్పి పెట్టేసింది.

సాయంత్రం దాకా ఎప్పటిలాగే పనిచేసింది. కస్టమర్ల బట్టలన్నీ పూర్తిచేసి, ఇస్త్రీ పెట్టి, హ్యాంగర్లకు తగిలించింది. రెండు వీధుల అవతల డ్రై క్లీనింగ్ షాపు యజమానురాలు ఎన్నాళ్ళుగానో తనను రమ్మంటోంది, మేడమీద గది కూడా ఇస్తానంటోంది. మిషన్ చప్పుడులోనే ఆవిడకి ఫోన్ చేసి, వస్తున్నానంది. కత్తెర, కళ్ళజోడు సంచిలో వేసుకుంది. అన్నయ్య షట్టరు గురించి ఎవరితోనో ఫోన్లో గొడవపడుతున్నాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి అతను తల తిప్పకుండానే, "చిట్టీ, నా చొక్కా అయిందా?" అని అడిగాడు.

వెనక గదిలో లైటు వెలుగుతూనే ఉంది. కాలర్ చిరిగిపోయిందనీ, విప్పి తిరగేసి కుట్టమనీ మధ్యాహ్నం వదిన పంపిన అతని తెల్ల చొక్కా మిషన్ మీద ఉంది. విప్పిన కాలర్ దాని పక్కనే, సూది కింద, మాసిన మడతతో పడి ఉంది.