ఎర్మెస్ చదివి వినిపించిన సమీక్షలు

వెనిగర్‌లో తడిపిన పాత పత్రికతో వంటింటి కిటికీ అద్దం తుడుస్తున్న ఇరిదేకి ఆ కాగితంలో తన పేరు కనిపించింది. పేరు కింద అచ్చయిన మాటల్లో ఒక్కటి కూడా పన్నెండు రోజుల కిందట భర్త ఎర్మెస్ తనకు చదివి వినిపించిన మాట కాదు.

చదవకూడదని గుర్తొచ్చేసరికే మూడు వాక్యాలు చదివేసింది. స్టూలు మీద నుంచి మెల్లగా కిందికి దిగింది.

పక్కగదిలోంచి అత్తగారు దిర్చే కేకేసింది. "ఏం కోడలా, చప్పుడు ఆగిపోయింది? అద్దం మీద మరకలు మిగిలితే వీధిలో వాళ్లు నీ పాట గురించి చెప్పుకోరు, నా కిటికీ గురించి చెప్పుకుంటారు."

"చూస్తున్నా అత్తయ్యా," అంది ఇరిదే. చూస్తూనే ఉంది.

కాగితంలో ఇలా ఉంది: "ఒపేరాలో రాణి పాత్ర వేసిన సిన్యోరా ఇరిదే కొర్రాది మూడో అంకంలోని ప్రార్థనను గుసగుసలా ఎత్తుకుని, ఒకే ఊపిరి మీద పెంచుకుంటూ పోయి, అందరూ గట్టిగా అరిచి వదిలేసే ఆ పై స్వరాన్ని దారమంత సన్నగా చేసి గాలిలో నిలబెట్టారు. పై గ్యాలరీ జనం చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. నలభై దాటాక విచ్చుకునే, పై స్థాయిలో పలికే సొప్రానో గొంతులు అరుదు. ఇది ఇప్పుడే మొదలవుతున్న గొంతు."

ఎర్మెస్ చదివింది ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సిన్యోరా కొర్రాది శ్రద్ధగా పాడారు. పై స్వరాల దగ్గర అలసట వినిపించింది. గౌరవంగా విశ్రాంతి తీసుకోవలసిన గొంతు."

ఆ విశ్రాంతి అనే మాట పట్టుకునే ఆమె నిన్న ఉత్తరం రాసింది. టురిన్ ఒపేరా థియేటర్ వాళ్లు వచ్చే శీతాకాలానికి మూడు పెద్ద పాత్రలు ఇస్తామన్నారు. మంగళవారానికల్లా జవాబు పోస్టు చెయ్యమన్నారు. ఈరోజే మంగళవారం. "మన్నించండి, రాలేను, ఇక పాడదలచుకోలేదు" అన్న జవాబు బల్ల మీద ఉప్పు సీసాకు ఆనించి ఉంది. పన్నెండున్నరకు భోజనానికి వచ్చిన ఎర్మెస్ తిరిగి వెళ్తూ పోస్టులో వెయ్యాలి. ఇప్పుడు తొమ్మిదయింది.

పత్రికలు చదవనని ఆమె పందొమ్మిదో ఏట ఒట్టు పెట్టుకుంది. పాట నేర్పిన ముసలావిడ పెట్టించింది. "పొగిడినా తిట్టినా ఆ సిరా గొంతులోకి దిగుతుంది పిల్లా. నీ కళ్లతో చదవకు. నిన్ను ప్రేమించే మనిషి చేత చదివించుకుని విను." తమ ఊరు పార్మాలో గాయకుల పట్టింపులను ఎవరూ వెక్కిరించరు, కొందరు ఎడమ కాలితో వేదిక ఎక్కరు, కొందరు ఊదా రంగు చూస్తే వెనక్కి తిరుగుతారు. ఇరిదే ముందు పత్రికల మాట ఎత్తకూడదని ఊరంతటికీ తెలుసు. అందుకే పెళ్లయిన ఈ పదిహేడేళ్లలో ఒక్కరూ ఎత్తలేదు. ప్రేమించే మనిషి ఉండనే ఉన్నాడు. ప్రతి సమీక్షా పొద్దున్న కాఫీ దగ్గర చదివేవాడు. ఆమె పాలు కాచేది, రొట్టె కోసేది, అత్తగారి కాళ్లకు కట్లు మార్చేది, మధ్యమధ్య వినేది. "చక్కగా ఉంది." "పాత్రకు సరిపోయింది." "ఇల్లాలి గొంతులోని మర్యాద ఉంది." తరవాత అతను పత్రికను చంకలో పెట్టుకుని తన మంగలి షాపుకు పోయేవాడు, షాపుకొచ్చేవాళ్లు చదువుకోడానికని. ఇంట్లో పాత పత్రికలు ఎప్పుడూ మిగలవు. ఈ కాగితం బజారు నుంచి కూరగాయల వాడు చుట్టిచ్చింది.

అచ్చుతప్పేమో. వేరే పత్రికేమో. అతని కళ్లద్దాలు పాతబడ్డాయేమో. మనసు ఒక్కొక్కటే సాకు తెచ్చి ముందు పెడుతుంటే ఇరిదేకి తన మీద తనకే నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఇంట్లో ఆయన తప్పులకు సాకులు వెతకడం కూడా తన పనే. పిండి కలపడంలాగా, చొక్కాలకు గంజి పెట్టడంలాగా.

ఏప్రన్ విప్పింది. "అత్తయ్యా, ఉల్లిపాయలు తెచ్చుకొస్తా."

"నిన్ననే రెండు కిలోలు తెచ్చావుగా!"

"అయిపోయాయి."

"రెండు కిలోలా? ఏనుగును పెంచుతున్నావా?"

తలుపు అప్పటికే మూసుకుంది.

ఊరి గ్రంథాలయంలో పాత పత్రికల విభాగం చూసే ఆల్చీదె ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. "మీరా, సిన్యోరా! పత్రికలా! పత్రికల మాట మీ ముందు ఎత్తకూడదని థియేటర్లో పరదా లాగేవాడికి కూడా తెలుసు."

"ఈరోజు ఎత్తండి. నా పెళ్లయిన ఏడు, నలభై ఏడు నుంచి కావాలి."

సంపుటాలు వచ్చాయి. చెక్కబల్లంత బరువు ఒక్కొక్కటి. ఆమెకు తను ఎప్పుడు ఏ పాత్ర పాడిందో తేదీలతో సహా గుర్తే. పేజీలు తిప్పింది. యాభై రెండు: "విన్నవాళ్ల వెన్ను జలదరించింది." ఎర్మెస్ దాన్ని "విన్నవాళ్లకు ఇబ్బంది కలగలేదు" అని చదివాడు. యాభై ఆరు: "ఉన్మాద దృశ్యంలో ఆమె ఒక్కసారి కూడా అరవలేదు, అందుకే భయం వేసింది." అతను చదివింది, "ఉన్మాద దృశ్యంలో బలం చాలలేదు." ఆ ఏడే లిస్బన్ నుంచి పిలుపు వచ్చింది. బలం చాలని మనిషి అంత దూరం వెళ్లి ఏం నవ్వులపాలవుతుంది అనుకుని వద్దంది. అంతకుముందు త్రియెస్తె నుంచి. అదీ వద్దంది. ఎవరూ ఆపలేదు. ఎర్మెస్ అయితే, "వెళ్లాలనుంటే వెళ్లు ఇరిదే, పెట్టె నేను మోస్తాను. కాకపోతే అక్కడి పత్రికలకు మన పత్రికలంత మర్యాద ఉండదు" అన్నాడు. ఆ మాటకు ఆమె అతని చెయ్యి పట్టుకుని కృతజ్ఞతతో నొక్కింది కూడా. ఇప్పుడు అలా నొక్కిన తన చెయ్యినే పేజీ మీద పెట్టి చాలాసేపు చూసుకుంది. కోపం రావలసిన చోట ముందు ఒక వింత సిగ్గు వచ్చింది, ఎవరో తనకు తెలియకుండా తన పెళ్లి ఫొటోలు తీసి ఊరంతా పంచినట్టు. ఆ తరవాత ఆకలిలాంటిది వచ్చింది. మళ్లీ చదివింది. ఒక్కో వాక్యం రెండుసార్లు.

ఆల్చీదె గొంతు సవరించుకున్నాడు. "మీకు ఇవన్నీ కంఠతా వచ్చుంటాయి. మాక్కూడా వచ్చు. మీ ఆయన ప్రతి సమీక్షా రెండుసార్లు చదవందే మా గడ్డం ముట్టుకోడు. ఒక చేత కత్తి, ఒక చేత పత్రిక. మొన్న 'ఇప్పుడే మొదలవుతున్న గొంతు' అన్న చోట ఆగి కళ్లు తుడుచుకున్నాడు. నేను సగం మొహం నురగతో అలాగే కూచున్నాను సిన్యోరా. జలుబు చేసింది."

మిగిలిన సాకులన్నీ అక్కడితో అయిపోయాయి. ఇంటికి వస్తూ దారిలో పోస్టాఫీసులో ఆగింది. అక్కడ రెండు నిమిషాలు పట్టింది.

పన్నెండున్నరకు ఎర్మెస్ వచ్చాడు. అలవాటు ప్రకారం ముందు ఆమె మెడలోని శాలువా సర్దాడు. "గాలి తిరిగింది, గొంతు కప్పుకో. పాలలో తేనె వేసుకున్నావా?" పదిహేడేళ్లుగా ఆమె పాడిన ప్రతి ప్రదర్శనకూ పై గ్యాలరీలో జేబులో రొట్టెముక్కతో నిలబడి విన్నాడు. అది మాత్రం అబద్ధం కాదు. పులుసు గిన్నె ముందు కూచుని అటూ ఇటూ చూశాడు. "ఉత్తరమేదీ? పోస్టు చెయ్యాలిగా."

"ముందు ఇది చదువు." పొయ్యి పక్కన ఆరబెట్టిన కాగితం అతని ముందు పెట్టింది.

ఎర్మెస్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కళ్లు పైనుంచి కిందికి ఒకసారి వెళ్లాయి. దిర్చే చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినబడింది. అతను గొంతు సవరించుకుని చదివాడు: "సిన్యోరా కొర్రాది... శ్రద్ధగా పాడారు. పై స్వరాల దగ్గర..."

"దారమంత సన్నగా చేసి గాలిలో నిలబెట్టారు," అంది ఇరిదే. అరవలేదు. "అక్కడ ఉన్నది అది ఎర్మెస్. నీ చేతిలోనే ఉంది."

"అబద్ధమాడితే వీడి చెవులు ఎర్రబడతాయి," అంది దిర్చే, రొట్టె ముంచుకుంటూ. "చిన్నప్పట్నించీ అంతే. పొద్దున్న కాఫీ దగ్గర ఎర్రగా ఉంటే చలికనుకున్నాను."

"అమ్మా, నువ్వు తిను."

"తింటూనే ఉన్నాగా."

ఇరిదే అతని ఎదురుగా కూచుంది. "టురిన్‌కి టెలిగ్రాం ఇచ్చాను, వస్తున్నానని. డిసెంబరు నుంచి మూడు నెలలు. ఉత్తరం పొయ్యిలో వేశాను."

"మరి నా కాళ్లకు కట్లు?" అంది దిర్చే.

"మీ అబ్బాయి కడతాడు అత్తయ్యా. చెయ్యి చాలా మెత్తనని ఊరంతా అంటుంది. ఇక నుంచి నా సమీక్షలు నేనే చదువుకుంటాను." అతని వైపు తిరిగింది. ఆ ఎర్రబడిన చెవులు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు చూస్తే ఇప్పటికీ ఆమెకు ముద్దొస్తోంది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. "నాకు ఒక్కటే చెప్పు. మొదటిది ఎప్పుడు?"

ఎర్మెస్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నలభై ఏడు ఏప్రిల్," అన్నాడు. "మన పెళ్లయి ఆరు వారాలు. నువ్వు అటు తిరిగి పాలు కాస్తున్నావు. 'ఈ ఊరు ఈ గొంతును ఎంతోకాలం దాచుకోజాలదు' అని రాశాడు ఆ పత్రికవాడు. అది నిజమని నాకు వాడికంటే ముందే తెలుసు, గ్యాలరీలో నిలబడి విన్నవాణ్ణి. నోరు తెరిస్తే 'ఈ ఊరికి సరిపోయే గొంతు' అని వచ్చింది. పొరపాటున వచ్చిందని చెప్పను ఇరిదే, కావాలనే అన్నాను. తరవాతవన్నీ కూడా. షాపులో మాత్రం ఉన్నదున్నట్టు చదివేవాణ్ణి, ఎక్కడో ఒకచోట పైకి చదవకపోతే నాకు ఊపిరాడేది కాదు. ఆరోజు నువ్వు ఇటు తిరిగావు. నీ మొహం ఇంత చిన్నదయింది. చూశాను. చూసి కూడా దిద్దలేదు. నువ్వొచ్చి నా పక్కన కూచుని, 'పోనీలే, ఊళ్లోనే ఉందాం' అన్నావు. మీగడంతా నా కప్పులోకి వంచావు. ఆ కాఫీ నేను మొత్తం తాగేశాను."