లైఫ్ టాక్సూ, అమ్మ సాక్ష్యమూ

మా అమ్మ ఎలిశబెతుకు అబద్ధం చెప్పడం రాదు. ఎవరైనా తమ తల్లి గురించి ఈ మాట మెచ్చుకోలుగా చెప్తారు. నేను ఫిర్యాదుగా చెప్తున్నాను. ఆ గుణం వల్లే మా నెత్తిన యాభై ఎనిమిది వేల లైఫ్ టాక్స్ పడబోయింది.

నా పేరు అబిగయీలు. కృష్ణపట్నం దగ్గర ఒక పల్లె సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. ఏడేళ్ళ కిందట పోర్టు రోడ్డులో ఒక టిప్పర్ నా స్కూటీని పక్కకు నెట్టేసి ఆగకుండా పోయింది. కుడికాలు మోకాలి కింద మూడు ముక్కలైంది. ఇప్పుడు ఆ కాల్లో ఎముక కంటే రాడ్డే ఎక్కువ. నడుస్తాను. ఎట్లా నడుస్తానన్నది వేరే సంగతి.

మొదట నెల్లూరులోనే ఉద్యోగం. పోయినేడు బదిలీల్లో ఈ పల్లెకు వేశారు. నెల్లూరులో బస్సెక్కి, క్రాస్‌రోడ్డులో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటోలో పదిమంది. మడవడానికి రాని కాలిని ఎవరి ఒళ్ళో పెట్టాలో తెలియదు. పదిన్నరకు వేలిముద్ర పడకపోతే ఆలస్యం. నాలుగు నెలల్లో రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే పైఅధికారి ముందు నిలబడాలి. కారు ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఉండదు. నా పరిస్థితి అంతే.

బెంగళూరులో ఉండే మా మేనమామ కిషోర్ బాబు ఒక కారు చూసిపెట్టాడు. బ్రేకూ ఎక్సలేటరూ చేతితోనే నొక్కేటట్టు మార్చిన చిన్న కారు. ఒక పెద్దాయనది. ఆయనకూ నాలాగే కాలు సరిగ్గా లేదు. ఇక నడపలేక అమ్ముతున్నాడు. అట్లాంటి బండి మా వైపు దొరకదు. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి కొన్నాను. పది రోజులు సెలవు పెట్టి, మామ ఇంట్లో ఉండి నడపడం నేర్చుకున్నాను. అంత దూరం ఒక్కదాన్నే నడిపే ధైర్యం లేదు, ఇంకొకరు నడపడానికి ఆ బండి లొంగదు. అందుకని దాన్ని కార్లు మోసే లారీ ఎక్కించి, నాతో వచ్చిన అమ్మా నేనూ బస్సులో బయల్దేరాము.

లారీ తిరుపతి మీదుగా, దారిలో బండ్లు దించుకుంటూ మద్రాసుకు పోతుంది. తిరుపతి రోడ్డు హైవేలో కలిసేచోట, నాయుడుపేటలో బండిని దించేసి వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. అక్కణ్ణుంచి నెల్లూరు దాకా నేనే నడిపాను. అమ్మ పక్కన కూర్చుని కాగితాల సంచి గుండెకు హత్తుకుని, దారి పొడుగునా "స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉంది. లారీ పక్కగా పోయినప్పుడల్లా కొంచెం గట్టిగా అనేది. నాకు ఆ రోజు ఎంత సంతోషంగా ఉందంటే, టోల్‌గేటు దగ్గర డబ్బులు తీసుకునే మనిషికి కూడా థాంక్స్ చెప్పాను. ఏడేళ్ళ తర్వాత ఎవరినీ పట్టుకోకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడం అదే మొదలు.

ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు రవాణా ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చునే ఏజెంటు హజరత్తయ్య దగ్గరకు పోయాము. ఆయన కాగితాలన్నీ తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"అంతా బాగుండాది పాపా. బెంగళూరు ఆఫీసోళ్ళు ఇచ్చిన ఎన్వోసీ ఉండాది, ఇన్సూరెన్స్ ఉండాది. లైఫ్ టాక్స్ కట్టాల."

"అదెందుకన్నా? బండికి ఐదేళ్ళు. లైఫ్ టాక్స్ అంటే ఒకసారే కదా?"

"లైఫ్ అంటే నీ లైఫూ కాదు, బండి లైఫూ కాదు. ఆ రాష్ట్రంలో బండికుండే లైఫ్. సరిహద్దు దాటినాక మళ్ళీ పుట్టినట్టే లెక్క."

"మళ్ళీ పుట్టడం మంచిదేగా నాయనా" అంది అమ్మ. ఎగతాళి కాదు. మా చర్చిలో ఆ మాటకు దేవుణ్ణి నమ్మి కొత్త మనిషి కావడమని అర్థం, అమ్మకు తెలిసింది అదొక్కటే.

హజరత్తయ్య నవ్వి, యాభై ఎనిమిది వేలు అన్నాడు. నెల లోపల కట్టకపోతే పైన జరిమానా, రోడ్డు మీద ఆపితే బండి లోపలికి. నా మొహం చూసి ఆయనే దారి చెప్పాడు. "వికలాంగుల బండికి టాక్స్ మాఫీ ఉండాది. ఆ పెద్దాయన కూడా అక్కడ అట్నే కట్టలా. నీ సదరం పెడితే సరి."

సదరం అంటే డాక్టర్లు మనిషిని చూసి, వైకల్యం ఎంతో శాతంలో వేసి ఇచ్చే సర్టిఫికెట్. నలభై వస్తే సర్కారు దృష్టిలో వికలాంగులం. ముప్పై తొమ్మిదైతే బద్ధకస్తులం. నాకు యాభై రెండు శాతం ఇచ్చారు గానీ, అది ఐదేళ్ళకే. గడువు అయిపోయి ఏడాది దాటింది. పల్లెలో అందరికీ సదరం స్లాట్లు బుక్ చేసేది నేనే. నాది చేసుకోవడం మరిచిపోయాను. కుమ్మరి ఇంట్లో ఓటికుండ ఊరికే అన్నారా!

మళ్ళీ స్లాట్ పెట్టుకున్నాను. కారు లైసెన్సుకు పోయిన రోజు, బండి నడిపేంత బాగున్నానని చూపించాను. ఇప్పుడు టాక్స్ కోసం బాగాలేదని చూపించాలి. రెండూ నిజమే కాబట్టి భయం లేదనుకున్నాను.

ఇక్కడ మా అమ్మ సాక్ష్యం గురించి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మా చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకరు బిడ్డకు జ్వరం తగ్గిందంటారు, ఇంకొకరు బోరులో నీళ్ళు పడ్డాయంటారు. మా అమ్మది మాత్రం ఆరేళ్ళుగా ఒకటే. కొంగు తలమీద కప్పుకుని లేచి, మంచంలో ఉన్న తన బిడ్డను ప్రభువు ఎట్లా నడిపించాడో చెప్తుంది. చివర నావైపు తిరిగి "లెయ్యమ్మా" అంటుంది. నేను చేతికట్టె పక్కన పెట్టి, బెంచీల మధ్య ఎనిమిది అడుగులు వేస్తాను. అందరూ చప్పట్లు కొడతారు. ముసలమ్మలు ఏడుస్తారు. ఆ ఎనిమిది అడుగులకు సాయంత్రం దాకా నా కాలు నాతో మాట్లాడదు. కానీ ఆ నిమిషంలో అమ్మ మొహం చూస్తే నొప్పిగా ఉందని చెప్పడానికి నోరు రాదు. చెప్తే అమ్మ సాక్ష్యం అబద్ధమైపోదూ? అబద్ధం రాని మనిషిని నేను అబద్ధాలకోరును చేస్తానా?

సదరం గదిలో డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్నొదిలేసి అమ్మను అడిగాడు, "ఇప్పుడెట్లా ఉందమ్మా అమ్మాయికి?"

అయిపోయింది. అమ్మ లేచి నిలబడింది. కొంగు తలమీదికి పోయింది.

"దేవుడు గొప్ప కార్యం చేసినాడు సార్. ఇంక నడవదన్నారు. ఈరోజు నా బిడ్డ నడస్తా ఉండాది. బెంగళూరు నుంచి కారు తెచ్చుకొని నడపతా ఉండాది. లెయ్యమ్మా, సారుకు చూపించు."

నేను లేచాను. ఎందుకు లేచానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆరేళ్ళ అలవాటు. కట్టె పక్కన పెట్టి ఎనిమిది అడుగులూ వేశాను, నిటారుగా. డాక్టరు నిజంగా సంతోషించాడు. "చాలా మెరుగైంది" అన్నాడు. వారం తర్వాత నా సర్టిఫికెట్ నా కంప్యూటర్‌లోనే వచ్చింది. ముప్పై ఆరు శాతం.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, "నీ సాక్ష్యం ఖరీదు యాభై ఎనిమిది వేలమ్మా" అన్నాను.

"నన్ను అబద్ధం చెప్పమంటావా?" అంది.

"నోరు మూసుకోమంటా" అన్నాను. అమ్మతో అట్లా మాట్లాడడం నా జీవితంలో అదే మొదటిసారి. అమ్మ అన్నం పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. టాక్స్ సంగతి తేలేదాకా బయటికి తియ్యని కారు గుడ్డ కప్పుకుని వాకిట్లో పడి ఉంది. నేను మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో. అలసటకు కూడా ఒక రుచి ఉంటుంది. తెల్లారి నోట్లో చేదుగా తగులుతుంది.

హజరత్తయ్యే మళ్ళీ దారి చెప్పాడు. "పైబోర్డుకు అర్జీ పెట్టు. ముగ్గురు డాక్టర్లు చూస్తారు. ఈసారి మటుకు అమ్మను తీసకపోబాక."

నెల గడువుకు ఇంకా ఐదు రోజులున్నాయనగా పిలిచారు. ఒక్కదాన్నే పోదామని చెప్పులేసుకుంటుంటే అమ్మ అప్పటికే చీర మార్చుకుని గడపలో నిలబడి ఉంది. వద్దనే ఓపిక లేదు. "లోపల ఒక్క మాట మాట్లాడబాకమ్మా" అన్నాను. తల ఊపింది.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్న పెద్దామె కాగితాలు చూసి, నడవమంది. ముందే అనుకున్నాను, ఉన్నది ఉన్నట్టు నడవాలని. నటించక్కర్లేదు, ఊరికే బిగబట్టకుండా ఉంటే చాలు. కానీ మూలన స్టూలు మీద అమ్మ కూర్చుని నన్నే చూస్తోంది. అమ్మ చూస్తుంటే నా కాలికి కుంటడం రాదు. మళ్ళీ నిటారుగానే నడిచాను.

"నొప్పి ఉంటుందా?" అంది డాక్టరమ్మ.

"కొంచెం మేడం."

ఆమె పెన్ను తీసింది. ఆ పెన్నును చూస్తూ నా కారు పోయిందనుకున్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. అప్పటికి కూడా ఆ గదిలో ఇంకో మాట నా నోట్లోంచి రాలేదు.

అమ్మ లేచింది. కొంగు కప్పుకోలేదు.

"ఆ పిల్ల చెప్పదు మేడం, నన్ను చెప్పనీండి" అంది. గొంతు చర్చిలో ఉన్నట్టు లేదు. "నడస్తాది. అది నిజమే. నడిచిన రోజు రాత్రి దిండు నోట్లో కుక్కుకొని పడుకుంటాది, నాకు ఇనపడకూడదని. మెట్లెక్కితే మోకాలు వాస్తాది, లంగా కిందికి జరుపుకుంటాది, నాకు కనపడకూడదని. బాత్రూములో గోడ పట్టుకున్న చోట సున్నం ఊడిపోయింది. ఏడేండ్లుగా నేను ఇంటానే ఉండా, చూస్తానే ఉండా. ఇంక మీరేం రాసుకుంటారో రాసుకోండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా దగ్గరకు వచ్చింది. నన్ను పడుకోబెట్టి, కాలు వంచి, టేపుతో కొలిచి, నొక్కిన ప్రతిచోటా నా మొహం చూసింది. ఈసారి బిగబట్టలేకపోయాను. అరిచాను. ఆమె పక్కనున్నాయనతో "నలభై ఆరు వెయ్యండి, పర్మినెంట్" అంది.

టాక్స్ తప్పింది. కారు దక్కింది. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాము. సంతోషపడాల్సింది. నాకు మాత్రం పట్టరాని సిగ్గేసింది. అమ్మ కోసం దాస్తున్నాననుకున్నాను. అమ్మేమో దాచడం కూడా చూస్తూ కూర్చుందన్నమాట.

"అన్నీ తెలిసి చర్చిలో ఎట్లా చెప్పినావమ్మా?"

"నడిచినావని చెప్పినా. నొప్పి లేదని ఏ రోజన్నా చెప్పినానా?" అంది. మళ్ళీ తనే, "నువ్వు నోరు తెరిచి నాతో చెప్తావేమో, అప్పుడు దానికీ ప్రార్థన చేద్దామని చూస్తా ఉండా. నువ్వు చెప్పలా" అంది.

ఎదురుగా జనం చీటీలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. నాకు వాళ్ళెవరూ కనపడలేదు.

"నొప్పిగా ఉందమ్మా" అన్నాను.

"యాడ?" అంది అమ్మ, అప్పుడే తెలిసినట్టు, నా కాలు తన ఒళ్ళోకి తీసుకుంటూ.