వరుసలో సమ్మమ్మ చెప్పులు

గోదాముల నిండా యూరియా ఉందని టీవీల్లో ఊదరగొట్టిన పెద్దమనుషులారా, వర్ధన్నపేట రోడ్డు మీద, ఎరువుల సొసైటీ ముందు ఆ పొద్దు చెప్పులెందుకు నిలబడ్డాయో మీరే చెప్పాలి. మనుషులు నిలబడలేక వాటిని నిలబెట్టారు.

వరుస కదిలినప్పుడల్లా పక్క చేను మొగిలి తన ముందున్న నీలం హవాయి చెప్పుల్ని కాలితో జరుపుతున్నాడు. అవి సమ్మమ్మవి. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. మడమల దగ్గర అరిగి అట్టలా పల్చబడ్డాయి. కాళ్లు లాగుతున్నాయని ఆమె గోడ నీడన, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

"వదినె! నీ చెప్పులు జరుపుడే నాకు నౌకరైంది. జీతమిస్తవా?"

"కంకులు కాల్చి పెడ్త తియ్. జర పైలం, ఎవ్వల్నీ దాటనియ్యకు." నవ్వింది. నవ్వులో ఆయాసముంది.

"దవాఖానకు పోరాదు?"

"యూరియా సల్లినంక పోత."

మొగడు పోయినప్పటినుంచీ ఆమెది అదే మాట. నాట్లయినంక, కోతలయినంక.

సమ్మమ్మది రెండెకరాల కౌలు. మక్క వేసింది. సర్కారు పెట్టుబడి సాయం పట్టా ఉన్న ఆసామి ఖాతాలో పడుతుంది. ఆయన హన్మకొండలో ఉంటాడు, చేను మొహం చూసి ఏళ్లయింది. ఆమె వంతుకొచ్చేది ఈ సబ్సిడీ బస్తా ఒక్కటే. రాత్రి వాన పడింది. తడి ఆరేలోగా చల్లకపోతే పాలిపోయిన చేనుకు కంకి నిండదు. కంకి నిండకపోతే ఏడాది కష్టం కౌలుకే పోతుంది.

ఎండెక్కింది. లోపల బస్తాలు తగ్గుతున్నకొద్దీ బయట తోపులాట. ఎవడో నీలం చెప్పుల్ని పక్కకు తన్నబోతే మొగిలి వాడి గల్లా పట్టాడు. చివరికి అవి కౌంటరు ముందుకు చేరాయి.

"వదినె, రా! నీ వంతొచ్చింది!"

పలకలేదు. ఉరికిపోయి భుజం తట్టాడు. తల మెల్లగా పక్కకు ఒరిగింది. పిడికిట్లో ఆధార్ జిరాక్సు చెమటకు తడిసి ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి తగల్లేదు. ఆడవాళ్లు చుట్టూ మూగారు. మొగిలి ఆమె కొంగు సర్ది, తిరిగొచ్చి చెప్పుల వెనక నిలబడి ఆమె బస్తా అడిగాడు.

"వేలిముద్ర పడందే మెషిను ఒప్పుకోదు. ఆమెను పిలువు," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"ఆమె రాదు సార్. నీ మెషినే గోడకాడికి పట్టుకపో."

గుమాస్తా తలెత్తి గోడవైపు చూశాడు. వరుసలో ఒక్కరూ ముందుకు జరగలేదు.

"తడారిపోతాంది," అన్నాడు మొగిలి. "ఆమె బస్తా ఇప్పుడే తియ్, ఆమె చేన్ల నేను సల్లుత. సాగు చేసెటోళ్ల పేర్లు రాసుకోన్రి, సాయం ఆళ్లకే ఇయ్యిన్రి. అప్పటిదాంక ఈ చెప్పులు ఈడికెళ్లి జరగయ్!"

కౌంటరు ముందు, పిన్నీసు ఎండకు మెరుస్తుంటే, నీలం చెప్పులు నిలబడే ఉన్నాయి.