టిఫిన్ ఫొటో ఆగిన రోజు

అమ్మకు నా మీద నమ్మకం ఉంది గానీ నా తిండి మీద లేదు. అందుకే నిజాంపేట హాస్టల్‌కి మారినప్పటి నుంచి పొద్దున్నే టిఫిన్ ప్లేటు ఫొటో పెట్టాలని షరతు. పక్కన నా ముఖం కూడా పడాలి. ఉత్త ఇడ్లీని ఆవిడ నమ్మదు.

చందానగర్‌లో ఇల్లు పెట్టుకుని హాస్టల్ ఎందుకంటే నితీష్ వల్ల. అతనితో పెళ్లి నాకొద్దని చెప్పాక కూడా మా వీధి చివర బైకేసుకుని నిలబడేవాడు. నా కొత్త చిరునామా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫొటోలు పెట్టేది నా రూమ్మేట్ నీహారిక నడిపే సోషల్ నెట్‌వర్క్‌లో. దీనికి పెద్ద కంపెనీ ఏదీ ఉండదు. ఎవరి సర్వర్ వాళ్లదే, అయినా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కబుర్లు వెళ్తాయి. అమ్మ ఉండేది చర్చి సర్వర్‌లో. దాన్ని సంఘపెద్ద దేవరాజు అంకుల్ నడుపుతారు. ‘నా వాళ్లకు మాత్రమే’ అని గుర్తు పెట్టి పంపితే అమ్మకొక్కదానికే కనిపించాలి. కానీ అంకుల్ సాఫ్ట్‌వేర్ పాతది, దానికి ఆ గుర్తు తెలియదు. వచ్చిందల్లా చర్చి మొత్తానికి చూపిస్తుంది. నితీష్‌ది కూడా మా చర్చే.

నీహారిక ఈ సంగతి కనిపెట్టేసరికి నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. అదృష్టం బాగుండి అప్పటిదాకా ఫొటోల్లో నా వెనక గోడ తప్ప హాస్టల్ ఆనవాలేదీ పడలేదు. మనిషి మంచిదే గానీ తొందరెక్కువ. చర్చి సర్వర్‌తో సంబంధం అక్కడికక్కడే తెంచేసింది. అమ్మ తెర మీద నుంచి ఆ పొద్దుటి ఇడ్లీతో సహా నేను మాయమైపోయాను.

నా ఫోనేమో హైటెక్ సిటీలో, మా ఫ్లోర్ బయట లాకర్లో ఉంది. మాది బ్యాంకు ప్రాజెక్టు, లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

సాయంత్రం లాకర్ తెరిస్తే అన్నీ అమ్మ మిస్డ్ కాల్స్. తర్వాత ఎవరెవరివో మెసేజీలు, ‘సిస్టర్, మీ కోసం ప్రార్థిస్తున్నాం’ అని. పరుగున హాస్టల్‌కి వచ్చాను.

హాస్టల్ గేటు దగ్గర అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, తిన్నావా అని అడిగింది.

“ఆంటీ గింత పరేషాన్ అయితదనుకోలే. నీ మంచికే బంద్ చేసిన,” అంది పక్కనున్న నీహారిక.

“ముందు నన్ను అడగాలి కదక్కా. అమ్మకి ఒక్క మాట చెప్పుకునేదాన్ని,” అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు.

“మరి నువ్వేం చేశావమ్మా?” అని అమ్మ వైపు తిరిగాను.

“ఏం చేస్తానే, ప్రార్థన విన్నపం పెట్టాను,” అని చర్చి సర్వర్ తెరిచి ఫోన్ ఇచ్చింది.

మా చర్చిలో విన్నపం అంటే వివరాలుండాలి. ఎవరో ఎక్కడో తెలియకుండా ఎవరి కోసమని మోకరిస్తారు? అమ్మ ఏ లోటూ చేయలేదు. నా పేరు, హాస్టల్ పేరు, సందు, అంతస్తు అన్నీ రాసి, ‘నా కుమార్తె పొద్దుటి నుంచి కనబడుట లేదు’ అని పెట్టింది.

కింద వరసగా ఆమెన్లు. అమ్మ వాళ్లందరికీ ఎలిజబెత్ టీచర్, ఆవిడ కూతురంటే అందరికీ ప్రేమే. చదువుకుంటూ వచ్చి ఒక ఆమెన్ దగ్గర ఆగిపోయాను. అది నితీష్‌ది.

అమ్మ కూడా చూసింది.

చీకటి పడకముందే సామాను సర్దాం. నీహారిక ఇంకో హాస్టల్ మాట్లాడింది, ఈసారి నన్ను అడిగాకే. తన సర్వర్‌లోనే అమ్మకూ ఒక ఖాతా తెరిచింది. చర్చి వాళ్లతో అక్కడ, కూతురితో ఇక్కడా అని అమ్మ సణిగింది గానీ కాదనలేదు.

నా దిండు చంకలో పెట్టుకుని అమ్మ ఆటో దాకా వచ్చింది.

“ఎక్కమ్మా, గది చూసి వెళ్దువు గాని,” అన్నాను.

దిండు నా ఒళ్లో పెట్టి వెనక్కి జరిగింది.

“వద్దులే. ఎక్కడికో నాకు చెప్పకు. నా నోరు నాకు తెలుసు. ముఖం పడకపోయినా పర్లేదు, ఇడ్లీ చూపించు చాలు.”