ఎడమ పక్క నాలుక

పచ్చిమిరపకాయ పందెంలో గెలిచిన రోజే కాలేషాకు అసలు భయం పట్టుకుంది.

పందెం పెట్టింది జార్జి. తెనాలిలో కాలేషా వంట బృందానికి పొయ్యి మంట అతని చేతిలో ఉంటుంది. అతని నోరు మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక మధ్యాహ్నం గుండిగలు తోమి ఎండకు బోర్లించాక, నిలువునా చీల్చిన మిరపకాయను నాలుక మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నవాడికి టీ తానే పోయిస్తానన్నాడు. ఇద్దరు ముగ్గురు ప్రయత్నించి కుళాయి దగ్గరికి పరుగెత్తారు. కాలేషా కాయను ఎడమ పక్కన పెట్టుకుని, వీధిలో పోయే బస్సును చూస్తూ తాపీగా కూర్చున్నాడు. కన్ను చెమర్చలేదు. జార్జి దండం పెట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ నవ్వులో కాయ కుడి పక్కకు జారింది. కాలేషా పీట మీద నుంచి ఎగిరి లేచి, ఉత్త కాళ్ళతో ఎండలో చిందులు తొక్కాడు. అది కూడా ఆటే అనుకుని అందరూ ఇంకా నవ్వారు.

అతను మాత్రం నవ్వలేదు. నాలుకకు ఎడమ సగం మొద్దుబారిందని అతనికి తెలుసు. మరీ ఇంతగా అని తెలియదు.

మూఢం రోజులు కావడంతో పెళ్ళిళ్ళు లేవు. ఆ తీరికలో, చాలాకాలంగా సతాయిస్తున్న ఎడమ పక్క జ్ఞానదంతం తీయించుకున్నాడు. మత్తు సాయంత్రానికి దిగుతుందన్నారు. పెదవికి దిగింది. నాలుకకు దిగలేదు. తగ్గకపోతే మళ్ళీ రమ్మని ఆ డాక్టరు చెప్పినా కాలేషా వెళ్ళలేదు. వెళితే పేరు రాస్తారు, పేరు రాస్తే ఊరికి తెలుస్తుంది. చూపు పోయిన కంసాలికి బంగారం ఎవరిస్తారు?

పైగా ఆ నాలుక మామూలు నాలుక కాదు. కాలేషా, అతని అన్న మస్తాన్ కలిసి వంట చేసిన రోజుల్లో పని పంచుకున్న తీరే వేరు. మస్తాన్‌ది చెయ్యి, కాలేషాది నాలుక. ఉప్పు మస్తానే వేసేవాడు. గరిటె నుంచి ఒక చుక్క కాలేషా తన అరచేతిలోకి జారవిడుచుకుని, ఎడమ పక్కతో చప్పరించి, “చాలు” అనో “ఇంకాస్త” అనో అనేవాడు. అంతకు మించి వాళ్ళ మధ్య పొయ్యి దగ్గర మాటలుండేవి కావు. పోయిన వానాకాలంలో మస్తాన్ పోయాడు. అప్పటి నుంచి ఉప్పు కూడా కాలేషాయే వేసుకుంటున్నాడు. మస్తాన్ కొడుకు తన్వీర్ పెళ్ళయి బిడ్డ ఉన్నవాడు, బృందంలో అన్ని పనులూ తెలిసినవాడు. అయినా ఉప్పు డబ్బా అతని చేతికి రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పందెం జరిగిన వారానికే దుగ్గిరాలలో పసుపు వ్యాపారి పాండురంగారావు గారింట్లో మనవడి పుట్టినరోజు విందు వచ్చింది. చప్పగా ఉందనిపించి కాలేషా పప్పూ మాంసమూ కలిపి వండిన దాల్చాలో ఉప్పు వేశాడు. చూశాడు. ఇంకా చప్పగానే ఉంది. ఇంకోసారి వేశాడు. భోజనాలు మొదలయ్యాక మంచినీళ్ళ క్యాన్లు వరసగా ఖాళీ అవుతుంటే గాని సంగతి అతనికి అర్థం కాలేదు.

పాండురంగారావు గారు చెయ్యి కడుక్కుని వచ్చి భుజం మీద తట్టారు. “ఏం కాలేషా, రామాపురం నుంచి సముద్రాన్ని లారీలో తెప్పించావా ఏంటి?”

తప్పయిందని కాలేషా తల వంచుకున్నాడు. ఆయన దాన్ని అక్కడితో వదిలేశారు. రేపల్లెలో ఉన్న తన కూతురి ఇంట్లో మనవరాలు శ్రీజ సంబంధం ఖాయమైందని, మూఢం వెళ్ళాక ఒక ఆదివారం మగపెళ్ళివారికి మధ్యాహ్నం విందు ఇస్తున్నామని, ఆ వంటా కాలేషాయే చెయ్యాలని చెప్పారు. ఈ ఇంట్లో పాతికేళ్ళుగా వండుతున్న మనిషిని ఒక్క దాల్చాకు మార్చుకోలేం అన్నారు. ఆ మాట కాలేషాకు తిట్టు కన్నా బరువుగా తగిలింది. ఇంకోసారి తప్పితే తన వంట చరిత్ర కొత్త వియ్యాలవారి ముందు ముగిసినట్టే.

ఇంట్లో మెహరున్నీసా ఎప్పుడో కనిపెట్టింది. చక్కెర వేయడం మరిచిపోయి టీ ఇస్తే మాట్లాడకుండా తాగేసిన మొగుడు ఆమెకు అంతకు ముందు లేడు. ఆమె అడగలేదు, బాపట్లలో పళ్ళ డాక్టరు కృపారాణి బాగా చూస్తుందట, రేపు వెళ్దాం అని మాత్రం అంది. బాపట్ల అయితే తెనాలివాళ్ళ కంటపడమని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

కృపారాణి అతన్ని కళ్ళు మూసుకోమని, దూది పోగుతో నాలుక మీద అక్కడక్కడ రాసింది. సూది మొనతో తాకింది. ఉప్పునీళ్ళు, చక్కెర నీళ్ళు ఒక్కో చుక్క ఒక్కో పక్క వేసింది. కుడి పక్క అన్నీ చెప్పింది. ఎడమ పక్క సూదిని గట్టిగా నొక్కితే తప్ప ఏమీ చెప్పలేదు.

తర్వాత ఆమె కాగితం మీద దవడ బొమ్మ గీసింది. నాలుక ముందు భాగానికి వెళ్ళే నరం ఆ జ్ఞానదంతం పక్క నుంచే పోతుందని, పన్ను తీసేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి నలుగుతుందని చెప్పింది. స్పర్శ, వేడి, నొప్పి తీసుకెళ్ళే పోగులూ, రుచి తీసుకెళ్ళే పోగులూ అందులోనే కలిసి ప్రయాణం చేస్తాయట. అందుకే రెండూ ఒకేసారి ఆగిపోయాయి.

“మరి కారం ఏ పోగమ్మా?” అని అడిగాడు కాలేషా.

“కారం రుచి కాదు బాబాయ్ గారూ, నొప్పి. వేడి వస్తువు తగిలితే మోగే గంటనే మిరపకాయ కూడా మోగిస్తుంది. అందుకే మండిందంటాం.”

నలభై ఏళ్ళుగా తాను జనానికి వడ్డిస్తున్నది నొప్పా అని కాలేషా ఆలోచనలో పడ్డాడు. అడిగి మరీ వేయించుకుంటారు కదా అని మెహరున్నీసా అందించింది.

సగం నాలుక పోతే తనకు ఇన్నాళ్ళూ సరిగ్గా ఎందుకు తెలియలేదని అతని సందేహం. మెదడుకు మొహమాటం ఎక్కువని డాక్టరు నవ్వింది. ఒక పక్క నుంచి కబురు రాకపోతే, రెండో పక్క చెప్పిందే మొత్తం నోరంతా చెప్పినట్టు సర్దుకుపోతుందట. ఆమె సొరుగులో నుంచి ఒక యాలక్కాయ తీసి, ముక్కు గట్టిగా మూసుకుని నమలమంది. పొట్టు నమిలినట్టుంది. ముక్కు వదలగానే నోరంతా గుబాళించింది. వంటవాడు నాలుక అనుకునేదాంట్లో పెద్ద వాటా ముక్కుదేనని, మసాలాల విషయంలో అతనికి ఏ భయమూ అక్కర్లేదని చెప్పింది. కాలేషా ముఖం విప్పారింది.

“ఉప్పుకు మాత్రం వాసన లేదు,” అందామె. “దానికి నాలుకే దిక్కు. కుడి పక్కతో చూడడం అలవాటు చేసుకోండి.”

“ఎడమది మళ్ళీ వస్తుందా అమ్మా?”

“చాలామందికి నెలల్లో వస్తుంది. అందరికీ పూర్తిగా రాదు. వస్తే ముందొచ్చేది రుచి కాదు. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, మంటగా వస్తుంది. భయపడి పరుగెత్తుకు రాకండి.”

“నొప్పొస్తే సంతోషించాలన్నమాట.”

“నొప్పి పొమ్మని వస్తారు మా దగ్గరికి. రమ్మని వచ్చింది మీరొక్కరే.”

ఆ రోజు నుంచి మెహరున్నీసా వంటింట్లో గ్లాసులు వరసగా పెట్టి పరీక్షలు మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళలో ఏది ఎక్కువో, ఏది తక్కువో కుడి పక్కతో చెప్పాలి. మొదట్లో అన్నీ తప్పే. ఉత్త మంచినీళ్ళకు ‘కాస్త ఎక్కువైంది’ అన్నప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నెమ్మదిగా కుడి పక్క దారికొచ్చింది. రేపల్లె విందును గట్టెక్కించగలనన్న ధైర్యం వచ్చింది.

ఇంతలో పొరపాటు బయటపడింది. ఆ ఆదివారాన్ని పంతులుగారు పంచాంగం చూసి పెట్టారు. నెలవంక తన లెక్కన తాను వచ్చింది. విందు నాటికి రంజాన్ మొదలై ఉంటుందని కాలేషా చూసుకోలేదు. మధ్యాహ్నం భోజనం, అంటే ఉపవాసంతో వండాలి. కుడి పక్క ఉన్నా లేనట్టే. నాలుక కొసకు తగిలించి ఉమ్మేయవచ్చని చెప్పే పెద్దలున్నారు గాని, కాలేషా వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, అన్నదమ్ములూ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు.

ఎవరో ఒకరు రుచి చూడకపోతారా అనుకుంటూ రేపల్లె చేరాడు. తన్వీర్‌కూ, బృందంలో మిగతావాళ్ళకూ ఉపవాసమే. జార్జి ఉన్నాడు కదా అంటే, శ్రమల దినాలు మొదలయ్యాయని, ఈస్టరు దాకా మాంసం ముట్టనని వాళ్ళావిడ ముందు ప్రార్థన చేసి ఒప్పుకున్నానని అతను చేతులెత్తేశాడు. ఇంటివాళ్ళను అడుగుదామంటే, పాండురంగారావు గారి భార్య అంకమ్మగారు వంటపందిరి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వియ్యాలవారు ముద్ద నోట్లో పెట్టకముందు ఈ ఇంట్లో ఎవరూ గరిటె తాకరాదని ఆమె పట్టు. పాండురంగారావు గారికా, రక్తపోటు వల్ల ఏళ్ళుగా చప్పిడి కూడు. ఆయన నాలుకకు ఏ కూరైనా ఉప్పగానే ఉంటుంది.

గుండిగలో మాంసం ఉడుకుతోంది. మసాలా సరిగ్గా ఉందని ముక్కు చెబుతోంది. కాలేషా ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. దుగ్గిరాలలో ఖాళీ అయిన నీళ్ళ క్యాన్లు కళ్ళ ముందు కదిలాయి. డబ్బా కింద పెట్టి, పాండురంగారావు గారిని పందిరి వెనక్కి పిలిచి ఉన్నదంతా చెప్పాడు. పన్ను, నాలుక, బాపట్ల, అన్నీ.

ఆయన పొయ్యి వైపు చెయ్యి చూపించారు. “పొయ్యి మీద మాంసం పెట్టుకునా చెప్పేది?”

“ముందే చెబితే వేరేవాళ్ళను పిలుస్తారని భయమేసిందండి.”

“పిలిచేవాణ్ణే.” ఆయన ఇంటివైపు ఒకసారి చూశారు. మగపెళ్ళివారి కార్లు బయల్దేరాయని అప్పుడే ఎవరో కబురు చెబుతున్నారు. “మా చిన్నాడి పెళ్ళినాడు కూడా మీకు ఉపవాసాలేగా. అప్పుడు ఎట్లా చేశారయ్యా?”

“అన్న చెయ్యి ఉందండి అప్పుడు.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గాని కాలేషాకు పూర్తిగా వినపడలేదు. రంజాన్ నెలలో తన నాలుకతో పనే ఉండేది కాదు. అన్ని రంజాన్లూ ఆ చెయ్యి ఒక్కటే నడిపించింది. అతను వెనక్కి తిరిగి చూశాడు. పొయ్యి దగ్గర తన్వీర్ మూత తీసి, ఆవిరికి ముఖం పక్కకు తిప్పి కలుపుతున్నాడు.

కాలేషా వెళ్ళి డబ్బా అతని ముందు పెట్టాడు. “ఉప్పు నువ్వెయ్యి.”

“నేనా చాచా?”

“మీ నాన్న ఎంత వేసేవాడో నీకు చెప్పాడా?”

తన్వీర్ చెయ్యి తుడుచుకున్నాడు. “చెప్పలేదు. రామాపురం వెళ్ళినప్పుడల్లా ఇసుక పిడికిట పట్టించి, తన పిడికిలి పక్కన పోయించేవాడు. రెండు కుప్పలూ ఒక్కలా ఉండేదాకా నీళ్ళలోకి వెళ్ళనిచ్చేవాడు కాదు. అది ఆటనుకున్నా.”

కాలేషా డబ్బా మూత తీసి ఇచ్చాడు. తల ఊపాడు. తన్వీర్ పిడికిళ్ళతో ఉప్పు చల్లి, ఆగి, గుండిగ లోతు చూసి, చివర మూడు వేళ్ళతో ఇంకొంచెం జార్చాడు. ఆ మూడు వేళ్ళ సంగతి ఎవరూ నేర్పింది కాదు. కాలేషా అలవాటుగా “చాలు” అనబోయి నోరు మూసుకున్నాడు.

బంతి సాగినంతసేపూ అతను పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. విస్తళ్ళ ముందు మాటలు తగ్గాయి. పెళ్ళికొడుకు మేనమామ మాంసం రెండోసారి అడిగాడు, మూడోసారి అడగకుండానే వేయించుకున్నాడు. అందరూ లేచాక కాలేషా విస్తళ్ళ వెంబడి నడిచాడు. ప్రతి ఆకు కొసనా వడ్డించిన ఉప్పు వడ్డించినట్టే ఉంది. మంచినీళ్ళ గ్లాసులు సగానికి పైగా నిండుగా ఉన్నాయి. ఒక్క ఆకులో మాత్రం ఉప్పు రవ్వ మిగల్లేదు. అది పాండురంగారావు గారిది. చప్పిడి కూడు మానినందుకు అప్పటికే అంకమ్మగారు ఆయన్ని వరండాలో నిలదీస్తున్నారు. ఆయన కాలేషాను చూసి, ఇప్పుడు కాదన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు.

పెళ్ళి భోజనాలకు కూడా మీరే రావాలని, అయితే మేనల్లుడో ఎవడో ఆ ఉప్పు కుర్రాణ్ణి తప్పక తీసుకురావాలని వెళ్ళేముందు ఆయన చెప్పారు. మేనల్లుడు కాదండి, అన్న కొడుకు అని కాలేషా సరిదిద్దాడు.

సాయంత్రం రేపల్లె స్టేషన్‌లో తెనాలి రైలు కోసం కూర్చుని ఉండగా పొద్దు గుంకింది. తన్వీర్ ఖర్జూరాలు పంచాడు. జార్జి టీలు తెచ్చాడు. కాలేషా ఆకలి మీద ఆగకుండా ఒక పెద్ద గుక్క తాగి, గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఏంటి, కాలిందా?” అన్నాడు జార్జి.

కాలేషా ఫోను తీసి మెహరున్నీసాకు కలిపాడు. వంట ఎలా కుదిరిందని ఆమె అడుగుతుంటే, నాలుక చురుక్కుమందని చెప్పాడు. చీమలు పట్టినట్టు, సన్నగా, ఓర్చుకోలేనట్టు.

అవతల ఆమె వంట సంగతి వదిలేసింది. “ఎటు పక్క?”

“ఎడమ.”

“ఇంకో గుక్క తాగి చెప్పండి.”

అతను తాగాడు. రైలు వస్తోందని తన్వీర్ గిన్నెలు ఎత్తుకుంటున్నాడు. “మండుతోందే,” అన్నాడు కాలేషా, “బాగా మండుతోంది.” కళ్ళు తుడుచుకుంటూ మూడో గుక్క ఊదకుండానే తాగాడు.