జట్టులో మూడో మనిషి

బడిలో లెక్కలు ఆటలుగా మారినప్పటినుంచి టీచరమ్మ గొంతుకు పని తగ్గింది. పిల్లలు తలా ఒక టాబ్లెట్ ముందేసుకుని తెరమీద నదికి వంతెన కడతారు. గీత వాలు సరిగ్గా చెబితే వంతెన అవతలి గట్టుకు తగులుతుంది. తప్పితే దానిమీద వెళ్లే బండి నీళ్లలో పడుతుంది. ఇదివరకు అర్థం కాలేదంటూ ఆమె బల్ల చుట్టూ మూగేవాళ్లు. ఇప్పుడు అనుమానాలు కూడా ఆటే తీరుస్తోంది.

తల్లి పోయాక రెండు గదుల ఇంట్లో ఆమె ఒక్కతే. సాయంత్రమైతే ఇల్లు బావురుమంటుంది. ఒకరోజు ఏమీ తోచక "వానచుక్క" అని పేరు పెట్టుకుని, పిల్లలు ఇళ్లనుంచి కూడా ఆడే ఆ ఆటలో చేరింది. ముగ్గురుంటేగాని జట్టు కుదరదు. ఇద్దరే ఉన్న జట్టొకటి ఆమెను కలుపుకుంది. గొంతులు వినగానే పోల్చుకుంది. తన తొమ్మిదో తరగతి పిల్లలే, క్లాసంతా పిచ్చుక అని పిలిచే అమ్మాయి, గుండు అనే అబ్బాయి.

"ఒరేయ్ గుండూ, వంతెన కట్టమంటే ఆకాశానికి నిచ్చెన వేశావేంట్రా!"

"నీది పాతాళానికి మెట్లు కదా, నోర్ముయ్యవే!"

ఆమె పగలబడి నవ్వింది. మైకు నొక్కలేదు కాబట్టి ఆ నవ్వు గదిలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ గంట ఆట కోసం వంట పెందలాడే ముగించేది. ఆమె వంతులో ఒక్క వంతెనా కూలలేదు. అదే కొంప ముంచింది.

"ఈ వానచుక్క ఒక్కసారీ తప్పు చెయ్యదేంట్రా? ఉలుకూ పలుకూ లేదు. ఇది మనిషి కాదు, కంప్యూటరే" అంది పిచ్చుక.

"అయితే తీసెయ్. మిషన్ గెలిపిస్తే మన గొప్పేముంది? మా తమ్ముణ్ణి పెట్టుకుందాం."

ఆమె మైకు నొక్కబోయి మానుకుంది. మాట్లాడితే గొంతు గుర్తుపడతారు. తన వంతు రాగానే వాలు ముందు మైనస్ పెట్టింది. తరగతిలో ఎవరు చేసినా ఆమె కస్సుమనే తప్పది. వంతెన తలకిందులుగా దిగింది. బండి బుడుంగుమంది.

"హమ్మయ్య, మనిషేరా! నాకన్నా మొద్దు!" గుండు కేరింతలు కొట్టాడు.

"నవ్వకురా, పాపం. వానచుక్కా, కుడికి వెళ్లేకొద్దీ గీత పైకెక్కాలంటే ప్లస్ ఉండాలి. మీ టీచర్ చెప్పలేదా?"

టీచరమ్మ "లేదు" అని టైపు చేసింది.

"ఏం టీచరో ఏమో! సరే, రేపు రా, మేం నేర్పుతాం."

తెర ఆర్పి, రేపు ఏ తప్పు చేస్తే నమ్ముతారా అని ఆలోచిస్తూ ఒక్క కంచం పెట్టుకుంది.