నాంపెన్ తువ్వాలు

సుబ్బలక్ష్మమ్మ పొద్దున లేవగానే చేసే పని కోడలి అడుగులు తుడవడం. సుప్రజ వాకిలి చిమ్మి, గేటు దాకా నీళ్లు చల్లి వస్తుంది. వచ్చేటప్పుడు నాపరాళ్ల నేల మీద ఎర్రటి అడుగులు వరసగా పడతాయి, పెళ్లినాటి పారాణి ఇంకా ఆరనట్టు.

సుబ్బలక్ష్మమ్మ మొగుడు వెంకటేశ్వర్లును ఆ గేటు కాడనే నరికారు. నాటుబాంబు పొగలోంచి జీపు దిగి పరిగెత్తుకొచ్చిన ఆయన గేటు పట్టుకున్నాడు. మనిషి కింద పడ్డాడు గానీ, పట్టుకున్న చెయ్యి గేటుకే ఉండిపోయింది. నెత్తురు పడిన చోట ఒట్టికాళ్లతో నడిస్తే సుప్రజ అరికాళ్లు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. కమలాపురం పుట్టింట్లో గానీ, ఈ బేతంచెర్ల మేనత్త ఇంట్లో గానీ ఎవరూ దాన్ని వింత అనుకోలేదు.

"కొత్త చాప తొక్కొద్దు పాపా, మరక పోదు," అంటుంది అత్త. అంతే.

పెళ్లయి మూడు నెలలు. మొగుడు హర్షవర్ధన్ రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతాడు. ఎప్పుడో బండ జారిపడి ఎడమకాలి చిటికెన వేలు పోయింది. ఆ తొమ్మిది వేళ్ల కాళ్లంటే సుప్రజకు ఎంత ఇష్టమో చెప్పలేం. కార్తీకమాసం వచ్చాక ఒకరోజు అతను, "ఫారిన్ పోదాం పాపా. యాడికో నువ్వే చెప్పు," అన్నాడు.

ఫోన్లో బొమ్మలు చూసి సుప్రజ ఒక ఊరు ఎంచుకుంది. రెండు నదులు ఒకదాని ఒళ్లోకి ఒకటి వచ్చి వాలే ఊరు. బంగారు కప్పుల రాజభవనం, దాని ముందు పావురాలు. పేరు నాంపెన్. అంతకుమించి ఆమెకు ఏమీ తెలియదు.

ఇంకొకటి కూడా తెలియదు. బేతంచెర్ల పక్క పాత కక్షల్లో ఒక పద్ధతి ఉంది. మనిషిని లేపేసే రోజున, లేపించేవాడు ఊళ్లో ఉండకూడదు. ఆసుపత్రి మంచం మీదనో, తిరుమల క్యూలోనో పదిమంది కళ్ల ముందు ఉండాలి. హర్ష చిన్నాయన శివశంకర్ ఇంకో మెట్టు పైకి ఆలోచించాడు. "పాస్‌పోర్టు మీద ముద్ర కంటే గట్టి సాక్షి యాడుంటాది రా? పిల్లను తీసుకోని పో. కార్తీక సోమవారం మద్దిలేటి మహానందిలో మునిగి వచ్చేటప్పుడు, క్వారీ మలుపు కాడ మనోళ్లు చూసుకుంటారు."

మద్దిలేటే వెంకటేశ్వర్లును నరికించింది.

నాంపెన్‌లో దిగిన సాయంత్రమే సుప్రజ చెప్పులు చేతబట్టుకుని నది గట్టు మీద నడిచింది. అడుగు ఎర్రగా పడింది. పక్కకు జరిగింది, అక్కడా ఎరుపే. గుడి మెట్ల మీద, అన్నం తిన్న హోటల్ గుమ్మంలో, ఆ ఊళ్లో కాలు మోపిన ప్రతిచోటా ఎరుపే.

"ఏమైంది బావా ఈ ఊరికి?"

ఆటో నడిపే ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. యాభై ఏళ్ల కింద తుపాకులు పట్టుకుని వచ్చి ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారట. ఆసుపత్రిలో ఉన్నోళ్లను కూడా మంచాలతో సహా రోడ్డు మీదికి తోలారట. దేశంలో లక్షలు లక్షలు చచ్చిపోయారట. మర్నాడు వాళ్లను ఒక పాత బడికి తీసుకుపోయాడు. ఆ రోజుల్లో దాన్నే జైలు చేశారు. తరగతి గదుల్లో ఇనుప మంచాలు, సంకెళ్లు. గోడల నిండా చనిపోయినవాళ్ల ఫోటోలు, చంపబోయే ముందు తీసినవి. ఒక్కరూ నవ్వడం లేదు.

"కొట్టినోళ్లు ఎవురు?" అని హర్ష అడిగాడు.

"ఎవరో కాదు. ఈ దేశం పిల్లలే. పక్క ఊరోళ్లే," అన్నాడు ఆటో ఆయన.

హర్ష ఫోన్ తీసి చూసుకున్నాడు.

చనిపోయినోళ్ల ముందు చెప్పులతో నిలబడలేక సుప్రజ వాటిని బయటే విడిచింది. గది దాటేసరికి చీలమండల దాకా తడి. అక్కడ ఊడ్చే ముసలామె బకెట్ తెచ్చి, ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో కాళ్లు తుడిచింది. తర్వాత తన అరికాళ్లు ఎత్తి చూపించింది. అవీ ఎర్రగానే ఉన్నాయి. తువ్వాలు పిండి సుప్రజ చేతిలో పెట్టింది.

హోటల్‌లో వాళ్లది పన్నెండో అంతస్తు. మబ్బులకు వేలాడదీసినట్టున్న గది. అక్కడ ఎవరి నెత్తురూ పడలేదు కాబట్టి సుప్రజ అడుగులు శుభ్రంగా ఉండేవి. ఆ ఊళ్లో ఆమె హాయిగా నడిచిన చోటు అదొక్కటే.

సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి చూస్తే తెల్లటి నేలంతా ఎర్రటి అడుగులు. కిటికీ దాకా, మళ్లీ తలుపు దాకా. హర్ష ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాడు.

"బావా, ఇవి నావి గావు."

హర్ష కిందికి చూశాడు. ఎడమకాలి అడుగుకు నాలుగే వేళ్లు.

సుప్రజ మంచం మీద కూలబడింది. "ఎవుర్ని?"

హర్ష కిటికీ వైపు తిరిగి, "మద్దిలేటిని," అన్నాడు.

"ఈ పొద్దా? మహానందికి పోయొచ్చే జీపులో కృష్ణవేణత్త గూడా ఉంటాది గదా!"

మద్దిలేటి భార్య కృష్ణవేణమ్మది కమలాపురమే. సుప్రజకు లంగా కుట్టడం నేర్పింది ఆమే. హర్ష ఒక అడుగు వెనక్కి వేశాడు. అదీ ఎర్రగానే పడింది. ఫోటోల్లో నవ్వని ముఖాలు గుర్తొచ్చాయేమో, చిన్నాయనకు ఫోన్ కలిపాడు.

"ఆపు చిన్నాయనా. వాళ్లను వెనక్కి పిలువు."

"ఫోన్లు పారేసి పోయినారు రా. ఇంగ దేవుడు గూడా పిలవలేడు. అయినా నువ్వు మా అన్న కొడుకువేనా? పోయి పెండ్లాం కొంగు పట్టుకో!"

సుప్రజ తన ఫోన్లో కృష్ణవేణమ్మ నంబరు తీసి ఇచ్చింది. అవతల కోనేటి నీళ్ల చప్పుడు.

"అత్తా, మామకియ్యి," అన్నాడు హర్ష. తర్వాత ఒక్క గుక్కలో, "నేను హర్షను. వెంకటేశ్వర్లు కొడుకును. క్వారీ మలుపు మీద రావద్దు. మావాళ్లుండారు."

నీళ్ల చప్పుడు దూరంగా జరిగింది. మద్దిలేటి గొంతు. "ఎప్పుడొస్తాండావు నువ్వు?"

"బుధవారం."

ఫోన్ ఆగిపోయింది.

బుధవారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి కారు నడుపుకుంటూ వచ్చారు. క్వారీ మలుపులో లారీలు రాల్చిన రాతిపొడితో రోడ్డంతా సున్నం పోసినట్టు తెల్లగా ఉంది. దానికి అడ్డంగా జీపు. వెనక ఇద్దరు మనుషులు, కాళ్ల కింద గోనెపట్టాలు, పట్టాల అంచున కొడవళ్ల పిడులు.

మద్దిలేటి దిగాడు. శివమాల వేసుకున్నాడు కాబట్టి కాళ్లకు చెప్పుల్లేవు. కుడిచెయ్యి వీపు వెనక ఉంది.

"ఏమప్పా, దేశాలు తిరిగొచ్చినావా?" అంటూ నడిచి వచ్చాడు. "మీ నాయన్ను కొట్టించినోణ్ని నేను. నన్ను కొట్టించబోయి ఆపినోడివి నువ్వు. ఈ పొద్దు ఆపినోడు రేపు మొదలుపెట్టడని ఏం నమ్మకం?"

హర్ష కారు దిగి ఎదురుగా నిలబడ్డాడు. "నమ్మకం ఏం లేదు మామా. నా మాటే."

"మాట!" మద్దిలేటి వీపు వెనక చెయ్యి ముందుకొచ్చింది. ఎండకు కొడవలి మెరిసింది. ఇంకో రెండడుగులు వేశాడు.

సుప్రజ అతని కొడవలి చూడలేదు. అతని వెనక నేల చూసింది. జీపు దగ్గర నుంచి ఇక్కడి దాకా తెల్లటి పొడిలో ఎర్రటి అడుగులు, తడితడిగా. జీపులో ఇద్దరూ వాటినే చూస్తున్నారు.

ఆమె కారులోంచి తువ్వాలు తీసుకుని ఇద్దరి మధ్యకు వచ్చింది.

"మామా, కాళ్లు తుడుచుకో. ఇట్లే ఇంటికి పోతే అత్త చూస్తాది."

మద్దిలేటి వెనక్కి తిరిగి చూశాడు. ఆ ఎర్రటి అడుగులు తనవే. కొడవలి జారి పొడిలో పడింది. కిలోమీటరు రాయి మీద కూర్చుని, తువ్వాలు అందుకుని, ఒక కాలు తుడిచాడు. రెండోది తుడవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. వెనక రాళ్ల లారీలు వరసగా ఆగి హారన్లు కొడుతున్నాయి.

తుడుచుకున్నాక తువ్వాలు భుజాన వేసుకుని జీపు దాకా నడిచాడు. ఆ అడుగులు తెల్లగా పడ్డాయి.